గబ్బిలం పువ్వు ఎవరి పెరటిది

ఖ్లోంగ్ నై, త్రాంగ్
జూన్

తమ్ముడు థవిన్‌కి,

మీ బావ తెచ్చి నాటిన గబ్బిలం మొక్క పూసింది. ఇది పెద్ద విశేషమేమీ కాదు. నువ్వు ప్రతి జాబులోనూ విశేషాలేమిటని అడుగుతావు కనక రాస్తున్నాను.

మీ బావ ఖ్లాయ్ చనిపోవడానికి ముందు ఏడాది కొండ మీది వాగు దగ్గర్నించి దాన్ని లుంగీలో చుట్టి తెచ్చాడు. వంటింటి వెనక, మాంగోస్టీను చెట్టు కింద పాతాడు. వాగు గట్టు మొక్క ఇంట్లో బతకదని ఊరంతా అంది. అన్నవాళ్లలో నేనూ ఉన్నాను. ఆయన పోయాక దాన్ని బతికించడం నా పనైంది. నాకు తెలిసింది నాన్న పద్ధతి ఒక్కటే. మహిమ ఉందని పెంచుకునే దుంపలన్నిటికీ ఆయన మన్ను కాల్చి పోసేవాడు, ఎండలో పెట్టేవాడు, మంత్రించిన నీళ్లు పోసేవాడు. నేనూ అంతే చేశాను. ఆకులు ఎండు చేపల్లా అయ్యాయి. నాన్న మంత్రంలో లోపం ఉందని అనను. మొక్కకి పాళీ భాష రాదేమో.

విసుగొచ్చి మళ్లీ చెట్టు నీడకే తెచ్చి పడేశాను. ఊడ్చిన ఆకులన్నీ దాని మీదే పోశాను. మంత్రాలు మానేశాను. అప్పట్నించి పెరిగింది.

పువ్వు నల్లగా ఉంది. ముసలి మూకుడు అడుగు ఎలా ఉంటుందో ఆ నలుపు. పైన రెండు రెక్కలు, కింద నేలకి వేలాడే పొడుగాటి మీసాలు, మధ్యలో చిన్న చిన్న పూలు గుచ్చి గుచ్చి చూస్తుంటాయి. పొద్దున్నే నిద్రలేపితే మీ బావ మొహం అచ్చం ఇలాగే ఉండేది. నాకు నచ్చింది.

పక్కింటి లమున్ పిన్ని వచ్చి చూసింది. బాగుందని అనలేదు, బాగాలేదనీ అనలేదు. "మీసాలెన్ని?" అంది. లెక్కపెట్టాం. ఒకటి కోడి పొడిచి విరిగింది. విరిగినా అది మీసమేనని పిన్ని తీర్పు చెప్పింది. మొత్తం ఇరవైమూడు. ఆవిడ లాటరీ టిక్కెట్టు కొనడానికి వెళ్లిపోయింది. నేను కొననని నీకు తెలుసు. నువ్వు తిడతావని కాదు, పోయినసారి కొంటే తగల్లేదు.

అక్క,
సమోన్

~

థోన్‌బురి
జూన్ చివర

అక్కా,

నీ జాబు చదివి అన్నం సగంలో వదిలేశాను. పువ్వు పూసినందుకు సంతోషమే. లమున్ పిన్ని అడిగిన ప్రశ్న మాత్రం గొంతులో ముల్లులా దిగింది.

ఆ మొక్క మనకి తెలియనిదా? చిన్నప్పుడు అమ్మ దాని లేతాకులు నిప్పుల మీద వాడ్చి రొయ్యకారంతో పెట్టేది కాదా? వాగు గట్టున ఉన్నంతకాలం అది కూర. పెరట్లోకొచ్చి పూస్తే దైవం. రేపు ఎవరింట్లోనో తూటికూర కాస్త వంకరగా మొలిస్తే దాని ముందూ అగరొత్తులు వెలిగిస్తారు.

ఇది వాళ్ల తెలివితక్కువని నేను అనను. అలా అనేవాళ్లు రాసే పత్రికలు వేరే ఉన్నాయి. రబ్బరు గీసేవాడు తన సరుకు ధర తను చెప్పలేడు. వానని ఆపలేడు. జిల్లా ఆఫీసుకి వెళితే బల్ల అవతలివాడు తలెత్తడు. అలాంటి మనిషికి ఈ దేశంలో అందరితో సమానంగా నిలబడే చోటు ఒక్కటే, లాటరీ ఫలితాలు చదివే రేడియో ముందు. ఆశ అమ్మడం ఇక్కడ సర్కారు గుత్త వ్యాపారం. నువ్వు నిర్దోషివే, నీ పువ్వూ నిర్దోషే. కానీ ఆ వ్యాపారానికి ఇవాళ మీ పెరడు ఒక కొట్టు.

అందుకే రాశాను. వచ్చేవారం పత్రికలో నా శీర్షిక మొత్తం దీని మీదే. నీ పేరు రాయలేదు. ఊరి పేరు రాశాను, మీసాల లెక్క రాశాను. వివరం లేని వాదన వాదనే కాదని నా నమ్మకం. చదివినవాడు సిగ్గుపడాలి.

తమ్ముడు,
థవిన్

~

ఖ్లోంగ్ నై
జూలై

తమ్ముడు థవిన్‌కి,

నీ పత్రిక నీ జాబు కంటే ముందే వచ్చింది. నేను చదివేలోపే ఊరు చదివింది. నెల మధ్య ఫలితాల్లో చివరి రెండంకెలు ఇరవైమూడు.

నువ్వు రాసింది రెండు పేజీలు. జనం గీత గీసుకున్నది రెండే చోట్ల, ఊరి పేరు దగ్గరా సంఖ్య దగ్గరా. మిగతాదంతా ఎందుకు రాశాడని లమున్ పిన్ని అడిగింది. మర్యాద కోసమని చెప్పాను.

ముందు త్రాంగ్ నించి రెండు వ్యాన్లొచ్చాయి. తర్వాత హాట్ యాయ్ వాళ్లు. మొన్న బ్యాంకాక్ నించి బస్సు వచ్చింది. అందులోంచి దిగినాయన నీ వ్యాసం కత్తిరించి, ప్లాస్టిక్కు కాగితంలో పెట్టి, చొక్కా జేబులో బుద్ధుడి బిళ్ల పక్కన పెట్టుకున్నాడు. "నంబర్లిచ్చే ఆచార్యుడి అక్కవి నువ్వేనామ్మా?" అని అడిగి నాకు దణ్ణం పెట్టాడు. నీకు ఇక్కడ ఆచార్యుడని పేరొచ్చింది.

మాంగోస్టీను చెట్టుకి మూడు రంగుల గుడ్డ చుట్టారు. మొక్క ముందు ఎర్ర సోడా సీసాలు వరస పెట్టి, ఒక్కోదాంట్లో స్ట్రా వేశారు. చీమలు తాగుతున్నాయి. ఆకుల మీద మొహానికి రాసుకునే పౌడరు రాసి, వేళ్లతో రుద్ది, అంకెలు కనిపిస్తాయేమోనని కళ్లు చికిలించి చూస్తారు. ఆకులు పేరంటానికి తయారైనట్టున్నాయి. వాటికి ఊపిరాడటం లేదు. అంచులు మాడుతున్నాయి.

మన నీళ్ల జాడీ ఆ చెట్టు పక్కనే కదా. ఒకరోజు స్నానానికి లుంగీ బిగించుకుని వెనక్కి వెళితే చాపలేసుకుని ఒక గుంపు కూర్చుని ఉంది. నాకూ నమస్కారం చేశారు. నేనూ చేశాను. వచ్చి తలుపేసుకున్నాను. అప్పట్నించీ స్నానానికి లమున్ పిన్ని ఇంటికి పోతున్నాను. నా పెరట్లో నాకు చోటు లేదు.

నిన్ను తప్పు పట్టడం లేదు. నువ్వు రాసింది చదివాను. బాగానే రాశావు.

అక్క,
సమోన్

~

థోన్‌బురి
జూలై చివర

అక్కా,

"బాగానే రాశావు" అన్న మాటకి రెండు రోజులు నిద్ర లేదు. తిట్టి ఉంటే బాగుండేది.

ఇక్కడి సంగతి విను. పత్రిక ఆఫీసుకి ఉత్తరాలు సంచుల్లో వస్తున్నాయి. ఇన్నేళ్లలో ఏ వ్యాసానికీ ఇన్ని రాలేదు. కౌలు రైతుల మీద రాశాను, చేపల పడవల్లో కూలీల మీద రాశాను, ఒక్క పోస్టుకార్డు రాలేదు. ఇప్పుడొచ్చినవాటిలో ఒక్కదాంట్లోనూ నా వాదన ఊసు లేదు. వచ్చే సంఖ్య చెప్పమంటున్నారు. మా అచ్చు కూర్చే బున్‌సోమ్, కార్మిక సంఘం సభ్యుడు, నాతో పాటు లాఠీ దెబ్బలు తిన్నవాడు, పొద్దున మిఠాయి పొట్లం పట్టుకొచ్చి నా బల్ల మీద పెట్టాడు. ఎందుకని అడిగితే "మీకు తెలుసు కదన్నా" అన్నాడు. ఆ మిఠాయి తినలేదు. పారేయడానికీ మనసొప్పలేదు. ఇంకా బల్ల మీదే ఉంది.

చేతులు ముడుచుకుని కూర్చునేది లేదు. ఈ వారం రెండో వ్యాసం రాశాను. ఏ సంఖ్య రావడానికైనా అవకాశం ఒక్కటేనని, మీసాలకీ లాటరీ చక్రానికీ సంబంధం లేదని, చంటిపిల్లకి చెప్పినట్టు చెప్పాను. దీంతో పాటు ఒక బోర్డు మీద రాయాల్సింది పంపుతున్నాను. పెద్ద అక్షరాలతో రాయించి చెట్టుకి కట్టు: "ఇది వాగు గట్టున పెరిగే మొక్క. దీని ఆకు కూరకి పనికొస్తుంది. దీనికి జోస్యం తెలియదు. మీ డబ్బు మీ పిల్లలకి ఖర్చు పెట్టండి."

కట్టు. తప్పక కట్టు.

థవిన్

~

ఖ్లోంగ్ నై
సెప్టెంబరు

తమ్ముడు థవిన్‌కి,

బోర్డు కట్టాను. బడి మాస్టారు అక్షరాలు చక్కగా రాశాడు. వచ్చినవాళ్లు దాని ముందు కూర్చుని చదివారు, దండ వేశారు, తర్వాత అక్షరాలు లెక్కపెట్టారు. నీ రెండో వ్యాసంలో పేరాలు లెక్కపెట్టినవాళ్లు వేరే. దయచేసి మూడోది రాయకు.

ఇప్పుడు అసలు సంగతి. మన గ్రామపెద్ద చలోమ్ విహారంలో సమావేశం పెట్టాడు. పువ్వుకి మండపం కట్టాలని కమిటీ వేశారు. నేల సిమెంటు చేస్తారు, పైన రేకులు, ముందు హుండీ, పక్కన కాఫీ కొట్టు. బస్సు తిరగడానికి చోటు చాలదు కనక మన వంటింటి వెనక గోడ తీసేసి, వంటిల్లు ముందుకి జరుపుతారట. ఖర్చు వాళ్లదే. నన్ను ముందు వరసలో, కుర్చీలో కూర్చోబెట్టారు. మెడలో దండ కూడా వేశారు. మాట్లాడమని ఎవరూ అనలేదు.

అయిపోయాక చలోమ్ దగ్గరికి వెళ్లి, సిమెంటు పోస్తే మొక్క చచ్చిపోతుంది బాబూ, దానికి కుళ్లిన ఆకులూ తేమా కావాలి అన్నాను.

"దేవతలకి అవన్నీ ఎందుకు పెద్దమ్మా?" అన్నాడు.

మరి నేనెక్కడ ఉండాలి అన్నాను.

"నువ్వెక్కడికి పోతావు? నువ్వే కదా పూజారివి. తెల్లబట్టలు కుట్టిస్తాం." మళ్లీ నెమ్మదిగా అన్నాడు, "చూడు పెద్దమ్మా, లమున్ మామ్మ కాఫీ కొట్టు పెట్టుకుంటుంది. ఆటో కుర్రాళ్లకి బేరాలొస్తాయి. ఇంతమంది బాగుపడుతుంటే ఆ పెరడు ఇంకా నీ ఒక్కదానిదేనా?"

వాడు చెడ్డవాడు కాదు, అదే ఇబ్బంది. చెడ్డవాడైతే చీపురు తీసేదాన్ని. లమున్ పిన్ని అప్పుడే కాఫీ వడకట్టే గుడ్డసంచి కుట్టుకుంది. నాకు చూపించి బాగుందా అంది. బాగుందన్నాను.

భిక్షువుల వర్షావాసం ముగిసే పండగనాడు శంకుస్థాపన. ఈలోపు ఏదైనా చెయ్యాలి. నాకు తెల్లబట్టలు వద్దు. వంటిల్లు ఉన్నచోట ఉండాలి. మొక్క బతకాలి. ఎవరూ లేని పెరట్లో నా నీళ్లు నేను పోసుకోవాలి. ఇంతకంటే కోరిక లేదు.

అక్క,
సమోన్

~

థోన్‌బురి
సెప్టెంబరు

అక్కా,

ఒక్క అంగుళం ఇవ్వకు. మా పత్రిక వకీలుని అడిగాను. పట్టా నాన్న పేరు మీద నించి నీ పేరుకి మారింది కనక గోడ మీద చెయ్యి వేసే హక్కు ఎవడికీ లేదన్నాడు. సొంత ఆస్తి అనేదాని మీద నేను గతంలో రాసినవన్నీ ఆయన గుర్తుచేసి నవ్వాడు. నవ్వనీ. వందల ఎకరాలున్నవాడి ఆస్తి వేరు, ఒంటరి ఆడమనిషి వంటిల్లు వేరు. ఈ తేడా తెలియనివాడితో నాకు వాదన లేదు.

అయితే వకీలు నోటీసుతో ఊరు మారదు. చలోమ్ అడిగిన ప్రశ్న ఉంది చూశావా, "ఇంతమంది బాగుపడుతుంటే" అని, దానికి ఊరి ముందు నిలబడి జవాబు చెప్పాలి. ఎవరు బాగుపడుతున్నారు? టిక్కెట్లు కొన్నవాళ్లా, అమ్మినవాళ్లా? నేను వస్తున్నాను. విహారంలో జనాన్ని పోగుచెయ్యమని చలోమ్‌కి చెప్పు. నాకు గంట చాలు.

థవిన్

~

తుంగ్ సోంగ్ జంక్షన్, తిరుగు రైలు కోసం కూర్చుని
అక్టోబరు

అక్కా,

ఇంటికెళ్లేదాకా ఆగితే కోపం చల్లారుతుంది. అందుకే ఇక్కడ్నించే రాస్తున్నాను.

నువ్వు చూశావుగా. ఊరు ఊరంతా వచ్చింది. చంటిపిల్లల్ని కూడా తెచ్చారు. నేను గంటన్నర మాట్లాడాను, ఒక్కడు కదల్లేదు. ఇదిగో మన మనుషులు, వీళ్లకి చెప్పేవాడే కరువయ్యాడని నా కళ్లు చెమర్చాయి కూడా. చివర్న ఎవరైనా ఏమైనా అడగండి అన్నాను. చలోమ్ లేచి చేతులు కట్టుకుని ఏమడిగాడు? "ఆచార్యా, తమరి వయసెంత?" నేను వెర్రివాడిలా చెప్పాను. వెనక వరస మొత్తం కలాలు తీసింది.

సరే, వాళ్ల మీద నాకు కోపం లేదు. నీ మీదే ఉంది. రాత్రి భోజనం దగ్గర చెప్పాను కదా, ఒక్క కత్తివేటుతో పోయేదానికి మండపమేమిటి, వకీలేమిటి, నరికెయ్ అని. నువ్వు పులుసు వడ్డిస్తూ "అది మీ బావది" అన్నావు. అది వాగు గట్టు కలుపు మొక్క అక్కా. బావ ఏమీ తోచక తెచ్చి పాతాడు. దానిలో ఆయన లేడు. లేడన్న సంగతి నీకూ తెలుసు. మీసాల్లో అంకెలు చూసేవాళ్లకీ, ఆకుల్లో మొగుణ్ణి చూసే నీకూ మధ్య నాకు తేడా కనిపించలేదు.

దాన్ని నరికాకే ఆ గడప తొక్కుతాను.

థవిన్

~

ఖ్లోంగ్ నై
అక్టోబరు

థవిన్‌కి,

జాబు అందింది. వానలు బాగా పడుతున్నాయి. నీ గొడుగు ఇక్కడే మర్చిపోయావు.

నీ వయసు తగల్లేదు.

సమోన్

~

ఖ్లోంగ్ నై
అక్టోబరు చివర

తమ్ముడు థవిన్‌కి,

పండగ అయింది. జరిగింది రాస్తున్నాను. వేరేవాళ్లు చెబితే ఇంకోలా చెబుతారు.

ఇసుక ముందురోజే దింపారు. సిమెంటు బస్తాలు వంటింటి గోడకి ఆనించారు. పండగనాడు పొద్దున, బుద్ధుడి విగ్రహాన్ని పడవలో ఊరేగించడానికి ముందు, ఊరంతా మన పెరట్లోకి వచ్చింది. విహారం పెద్ద భిక్షువు గారు కూడా వచ్చి కుర్చీలో కూర్చున్నారు. చలోమ్ కొత్త చొక్కా వేసుకున్నాడు. నేను పలుగు తీసుకుని మొక్క దగ్గరికి వెళ్లాను. పూజకి మట్టి తీస్తున్నాననుకుని అందరూ చేతులు జోడించారు.

చుట్టూ తవ్వి దుంప మొత్తం పైకి తీశాను. నేననుకున్నదానికంటే చాలా పెద్దది. లోపల్లోపల ఎన్ని చేతులు చాచిందో. ఆకులు కోసేశాను. అప్పుడు ఎవరో ఏడుపు మొదలుపెట్టారు.

"పెద్దమ్మా, ఏం చేస్తున్నావు?" అన్నాడు చలోమ్.

"కోస్తున్నాను."

"అది ఊరిది."

"అందుకే కోస్తున్నాను బాబూ. ఇంటికో ముక్క. నా పెరట్లో ఉంటే అది ఊరిదెలా అవుతుంది?"

వాడి భార్య వాణ్ణి దాటుకుని ముందుకొచ్చి కొంగు పట్టింది. తర్వాత నిలబడడానికి ఎవరికీ చోటు దొరకలేదు.

నాకు ధైర్యం ఉందని అనుకోకు. ఇలాంటి దుంపని నేనెప్పుడూ కొయ్యలేదు. మొదటి ముక్కకి కత్తి ఆనించి రెండుసార్లు వెనక్కి తీశాను. మీ బావ పూడ్చిన మన్ను అది. అన్ని ముక్కలూ చచ్చిపోతే ఆయన తెచ్చిందంటూ ఈ భూమ్మీద ఏదీ ఉండదు. ఆయన ఇందులో లేడని నువ్వు రాశావు. సరే, లేడు. కత్తి మాత్రం రెండుసార్లు వెనక్కి వచ్చింది.

ఒక్కో ముక్కకి మొలిచే కన్ను ఒకటి ఉండేలా చూసి కోసి, కోసినచోట పొయ్యి బూడిద అద్ది ఇచ్చాను. ఇచ్చినప్పుడల్లా అదే చెప్పాను. నీడలో పెట్టండి, కుళ్లిన ఆకులు వెయ్యండి, నీళ్లు నిలవనివ్వకండి, పౌడరు రాయకండి, సోడా పొయ్యకండి, పొగ పెట్టకండి. మంత్రం కావాలని ఒకరిద్దరు అడిగారు. ఇదే మంత్రమన్నాను. వాళ్లు నోట్లో వల్లించుకుంటూ వెళ్లారు.

చలోమ్ చివరిదాకా నిలబడ్డాడు. "ఇన్నిట్లో అసలు తల్లి ఏది పెద్దమ్మా?" అన్నాడు. అన్నీ అదే అన్నాను. వాడు పెద్ద భిక్షువు గారి వైపు తిరిగాడు. ఆయన దుంపల పెద్దరికం గురించి తను ఎక్కడా చదవలేదని చెప్పి, విహారానికి కూడా ఒక ముక్క ఇవ్వమని చెయ్యి చాచారు.

ఆ వారం ఒక బస్సు వచ్చింది. అసలు పువ్వు ఎవరింట్లో అని అడిగారు. మా ఇంట్లో అని ప్రతి ఇల్లూ చెప్పింది. వాళ్లు సాయంత్రం దాకా తిరిగి, తిట్టుకుంటూ వెళ్లిపోయారు. సిమెంటు వృథా కాలేదు. విహారంలో మరుగుదొడ్లు కట్టారు. లమున్ పిన్ని నాతో మాట్లాడటం లేదు. కాఫీ గుడ్డసంచి దండెం మీద నాకు కనిపించేలా ఆరేసింది.

అక్క,
సమోన్

~

థోన్‌బురి
నవంబరు

అక్కా,

స్టేషన్లో రాసిన జాబు పోస్టు డబ్బాలో వేసిన మరుక్షణం వెనక్కి తీసుకోవాలనుకున్నాను. ఆ డబ్బాకి తాళం ఉంది. బావ గురించి అన్నమాట అనకూడనిది. అంతకంటే ఎక్కువ రాయడం నాకు చేతకాదు.

భూమి పంచాలని నేను పాతికేళ్లుగా రాస్తున్నాను. నా రాతల వల్ల ఈ దేశంలో ఒక చాపంత నేల కూడా చేతులు మారలేదు. నువ్వు ఒక పొద్దున్న, కూరలు కోసే కత్తితో, ఊరి అదృష్టం మొత్తాన్ని ఇంటింటికీ పంచేశావు. బున్‌సోమ్‌కి చెబితే టోపీ తీశాడు.

అయినా ఒక అభ్యంతరం ఉంది, మింగి ఊరుకోలేను. నువ్వు వాళ్ల నమ్మకాన్ని పోగొట్టలేదు. ఒక గుడి బదులు ఊరినిండా గుళ్లు చేశావు. "ఇదే మంత్రం" అన్నావే, అది నిజమేనా? నిజం చెప్పడానికి అంతమంచి అవకాశం మళ్లీ రాదు. అందరూ నీ చేతివైపు చూస్తున్నారు. ఇది ఉత్త దుంప అని ఒక్కమాట అనాల్సింది.

ఇంకొకటి. ఇంటికో ముక్క అన్నావు. నేనూ ఆ ఇంట్లోనే పుట్టాను. నా వంతు ఏమైంది?

ఈ సంగతి పత్రికలో రాయను. అడగకముందే చెబుతున్నాను.

తమ్ముడు,
థవిన్

~

ఖ్లోంగ్ నై
జూలై

తమ్ముడు థవిన్‌కి,

పంచినరోజే తీసి ఉంచిన నీ వంతు ముక్కని పోయిన నవంబరులోనే బిస్కెట్ల డబ్బాలో పెట్టి గొడుగుతో పాటు పంపించాను కదా. అందిందని రాశావు, బతికిందని రాయలేదు. చచ్చి ఉంటుంది. మేడ మీద ఎండలో పెట్టి, దానికి ఏదో చదివి వినిపించి ఉంటావు. నాన్న కొడుకువే.

నీ అభ్యంతరానికి జవాబివ్వడానికి ఇన్నాళ్లు పట్టింది. పూలు రావాలని ఆగాను. వానలు మొదలవగానే ఊళ్లో సగం ఇళ్లలో పూశాయి. పౌడరు రాసినవాళ్లవి, సోడా పోసినవాళ్లవి చచ్చాయి. నీడలో పెట్టి ఆకులేసినవాళ్లవి పూశాయి. ఒక్కో పువ్వుకి ఒక్కో లెక్క మీసాలు. ఎవరి పువ్వు లెక్క వాళ్లు కొన్నారు. ఎవరికీ తగల్లేదు. మా పువ్వుదే తప్పని ఎవరూ ఒప్పుకోరు కనక, లాటరీ చక్రంలోనే ఏదో మోసం ఉందని ఊరంతా ఒక్కమాట మీదికి వచ్చింది. చలోమ్ ఈమధ్య నీలాగే మాట్లాడుతున్నాడు. సర్కారు గుత్త వ్యాపారం అన్నాడు మొన్న. నీ వ్యాసం మిగతాది కూడా ఇప్పుడు చదివినట్టున్నాడు.

ఉత్త దుంప అని ఎందుకు చెప్పలేదని అడిగావు. నాకు తెలిసిన నిజం అంత లేదు. దానికి నీడ కావాలి, పొగ పడదు. అంతవరకు తెలుసు, అంతవరకే చెప్పాను. విన్నవాళ్ల దగ్గర బతికింది. లమున్ పిన్ని అంకెల మాట మానేసి, ఆకుకి తెగులేదో పట్టిందని నా దగ్గరికి వచ్చింది. మళ్లీ మాటలు కలిశాయి. ఇప్పుడు పొద్దున్నే ఇద్దరం ఎరువు గురించి పోట్లాడుకుంటున్నాం.

పెరట్లోకి ఎవరూ రావడం లేదు. ఎవరింట్లో వాళ్లకి ఉంది కదా, ఎందుకొస్తారు? స్నానం మన జాడీ దగ్గరే చేస్తున్నాను. చెట్టుకి చుట్టిన గుడ్డ మసిగుడ్డకి పనికొచ్చింది.

నా ముక్క సంగతి చెప్పలేదు. అందరికీ పంచాక నాకు మిగిలింది బొటనవేలంత. కన్ను ఉందో లేదో తెలియనిది. పాత గుంటలోనే పెట్టాను. ఊరంతా పూస్తుంటే అది ఒకే ఒక ఆకు వేసి కూర్చుంది. తర్వాత రెండోది. పిన్ని వచ్చి చూసి, తల అడ్డంగా ఊపి వెళ్లింది. నేనూ దాని మీద ఆశ వదిలేశాను. ఆకులు ఊడ్చి పోయడం మాత్రం మానలేదు. ఎలాగూ ఊడవాలి కదా.

ఇవాళ పొద్దున పూసింది.

చిన్న పువ్వే. ఎవరో రమ్మంటే ఇష్టం లేకుండా వచ్చినట్టు మొహం పెట్టుకుని ఉంది. పొయ్యి మీద అన్నం పెట్టి పీట తెచ్చుకుని దాని ముందు కూర్చున్నాను. అది నన్ను చూసింది, నేను దాన్ని చూశాను. చెప్పుకోవడానికి ఇద్దరి దగ్గరా ఏమీ లేదు. చినుకులు పడ్డాయి, ఆగాయి. చాలాసేపటికి ఏదో వాసన వచ్చింది. ఈ పువ్వుకి వాసన ఉంటుందని ఎవరూ చెప్పలేదే అనుకుని ముందుకి వంగాను.

అన్నం మాడిపోయింది.

అక్క,
సమోన్